సంప్రదించవలసిన నంబరు

మంగళవారం పొద్దున బావ వచ్చి, హార్డ్ డిస్కు బల్ల మీద పెట్టి, కుర్చీలో కూర్చోకుండానే, "తెరవగానే కొండ కనబడాలమ్మా. తెరంతా కొండే ఉండాలి" అన్నాడు.

చెల్లెలు డిస్కుకి తీగ తగిలించింది. రెండో అంతస్తులో ఒకే గది వాళ్ళ ఆఫీసు. కింద తాళాల కొట్టు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇనుము అరగదీసే చప్పుడు నేలలోంచి వస్తూనే ఉంటుంది. గదిలో రెండు బల్లలు. ఒకటి ఆమెది, రెండోది మౌనస్వామిది. అది అతని అసలు పేరు కాదు. రోజుకి పది మాటలు దాటితే గొంతు అరిగిపోతుందన్నట్టు ఉంటాడని ఆమే పెట్టింది. వెబ్‌సైటు ఎలా కనబడాలో, ఏ మాట ఎక్కడ ఉండాలో చూసేది ఆమె. అది నడిచేలా చేసేది అతను. ఆరేళ్ళుగా ఇదే ఏర్పాటు.

"శనివారం గుడారాల కంపెనీ వాళ్ళు చూస్తారు. వాళ్ళకి నచ్చితే గుడారాలు, తాళ్ళు, బూట్లు అన్నీ వాళ్ళవే" అన్నాడు బావ. "మూడు వారాల్లో బయల్దేరాలి. శుక్రవారం సాయంత్రానికి అయిపోతుందా?"

"అవుతుంది. పాత సైటు ఉందిగా, దానికేమైంది?"

"అది మీ అక్క తన తంటాలేవో తను పడి పెట్టింది. అంతా కబుర్లే. కొండేదీ అందులో?"

బావ మంచు కొండలెక్కే మనిషి. ఈసారి ఉత్తరం వైపు నుంచి ఎవరూ ఎక్కని కొండ ఒకటి పట్టాడు. ఆరుగురు మనుషులు, నలభై అయిదు రోజులు. అతను మాట్లాడుతుంటే చేతులు కూడా ఎక్కుతున్నట్టే ఉంటాయి. ఒకటి కింద, ఒకటి పైన.

చెల్లెలు ఎవరినైనా మొదట అడిగే ప్రశ్నే అతన్నీ అడిగింది. "బావా, ఈ సైటు ఎవరు తెరుస్తారు? తెరిచి దేనికోసం వెతుకుతారు?"

"ఎవరేమిటి? అందరూను."

"అందరూ అంటే ఎవరూ కాదు."

"నీ వృత్తి మాటలు నా దగ్గరా?" అని నవ్వి, వాచీ చూసుకుని వెళ్ళిపోయాడు. మెట్ల మీద అడుగులు రెండేసి చొప్పున దిగిపోవడం వినబడింది.

ఆ పూటంతా ఆమె ఫొటోలతోనే గడిపింది. రెండేళ్ళ కిందటి యాత్రవి నాలుగు వేలకి పైగా ఉన్నాయి. వాటిలో మూడు వంతులు వెనక నుంచి తీసినవే. ముందు నడిచేవాడి వీపు, మూట, మంచు. మొహాలు కనబడేవాటిలో కళ్ళద్దాలూ గడ్డాలే తప్ప మనిషెవరో పోల్చుకోవడానికి లేదు. మొదటి పేజీకి పనికొచ్చేవి పదకొండు ఏరి, ఒక్కొక్కటీ ఫోనులో వేగంగా తెరుచుకునేలా బరువు తగ్గించింది. బావ అడిగిన వీడియో కూడా అతికించి చూసింది. మేఘాలు విడిపోతాయి, కొండ బయటపడుతుంది, డప్పులు మోగుతాయి. బాగానే ఉంది. ఏ కూల్‌డ్రింకు ప్రకటనకైనా సరిపోతుంది.

మధ్యాహ్నం దాటాక మౌనస్వామి తన కుర్చీ ఇటు తిప్పాడు. "ఇది చూడు" అన్నాడు.

పాత సైటుని ఎవరు ఎప్పుడు తెరిచారో ఆ లెక్క గ్రాఫు గీతగా తీశాడతను. శిఖరం ఎక్కిన రోజున జనం వచ్చారు, ఒక్క రోజు చూసి పోయారు. బావ గురించి రాసిన పేజీని చూసింది వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. మధ్యలో మాత్రం ఒకచోట నాలుగు రోజులపాటు గీత నిట్టనిలువుగా లేచి అక్కడే నిలబడిపోయింది.

"ఇవేం రోజులు?"

"తుఫాను. కబుర్లు రాని రోజులు."

ఆ నాలుగు రోజులూ సైటు తెరిచినవాళ్ళు చాలామందేం కాదు. ఏడెనిమిది ఇళ్ళు. కానీ తెరిచినవాళ్ళే మళ్ళీ మళ్ళీ తెరిచారు. ఒక ఇంట్లోంచైతే ఒకే రోజున రెండువందల పన్నెండుసార్లు. తెరవడం, 'నేటి కబురు' చూడడం, అక్కడ నిన్నటిదే ఉండడం, అక్కణ్ణుంచి 'సంప్రదించండి' అన్న పేజీకి వెళ్ళడం. ఆ పేజీలో ఉన్నది ఒకే ఒక్క వరస అంకెలు. అది అక్క ఫోను నంబరని చెల్లెలికి చూడగానే తెలిసింది.

అదే డిస్కులో బావ కొండ మీంచి పంపిన సందేశాలన్నీ ఒకచోట దాచి ఉన్నాయి. ఆమె వాటిని ఒక పక్కన, పాత సైటులోని కబుర్లని ఇంకో పక్కన పెట్టుకుని చదివింది. బావ పంపింది: "రెండో శిబిరం. గాలి. అందరూ ఓకే. రేపు పైకి." సైటులో ఉన్నది: "నిన్న సాయంత్రం నుంచి గాలి ఒకటే పని పెట్టుకుంది, గుడారాన్ని విదిలించడం. సూపు కాచుకుంటే గిన్నె అంచున మంచు కట్టింది. అయినా ఆరుగురూ తిన్నారు, పడుకున్నారు. డాక్టరుగారు గురక పెడుతున్నారని మిగతావాళ్ళ ఫిర్యాదు." కింద బావ సంతకం.

ఆ గురక డాక్టరుగారిదని అక్కకి ఎలా తెలుసు? వాళ్ళావిణ్ణి అడిగి ఉంటుంది. మనిషి బతికి ఉన్నాడని ఆ ఇంటికి తెలియాలంటే గురకని మించిన గుర్తు ఏముంటుంది?

చెల్లెలికి ఒళ్ళు మండింది. బావకి ఫోను చేసింది.

"బావా, బృందం పేజీలో అక్క లేదేం?"

"అది కొండెక్కేవాళ్ళ పేజీ కదమ్మా."

"ఆ కబుర్లన్నీ రాసింది తనే కదా."

"అవును. బాగా రాస్తుంది" అన్నాడు బావ, అందులో దాచడానికేమీ లేనట్టు. "ఈసారి కూడా తనే రాస్తుంది. సరే, కింద ఎక్కడైనా కృతజ్ఞతలు అని ఒక ముక్క పెట్టు."

ఆమె ఆ ముక్క పెట్టలేదు. బృందం పేజీలో ఆరు గుండ్రటి ఫొటోలకి ఏడోది చేర్చింది. డిస్కంతా గాలిస్తే అక్క ఉన్న ఫొటోలు రెండే దొరికాయి. ఒకటి మసక. రెండోదాంట్లో సామాన్ల గుట్ట వెనక మోకాళ్ళ మీద కూర్చుని, పళ్ళ మధ్య పెన్ను పట్టుకుని, ఏదో పెట్టె మూత బిగిస్తోంది. దాన్ని గుండ్రంగా కత్తిరించి, కింద 'స్థావరం, కబుర్లు' అని రాసింది. పైన మొదటి వరసలో బావ నవ్వుతున్నాడు.

బుధవారం సాయంత్రం ఆ పేజీ లాప్‌టాప్‌లో పెట్టుకుని అక్క ఇంటికి వెళ్ళింది. హాల్లో కాలు పెట్టడానికి చోటు లేదు. తాళ్ళ చుట్టలు, ఇనుప కొక్కేలు, రేకుల్లా మెరిసే సంచులు, సోఫా మీద ఆరు నిద్రసంచులు బోర్లా పడుకున్న మనుషుల్లా. అక్క నేల మీద మందుల పెట్టె సర్దుతోంది. ఆస్పత్రిలో మందుల కిటికీ దగ్గర ఆమె ఉద్యోగం. చేతులు ఆ అలవాటుతోనే కదులుతున్నాయి. మాత్రల అట్టలని రబ్బరుబాండుతో కట్టడం, మీద చీటీ అంటించడం, ఆ చీటీ మీద మంచు కళ్ళద్దాలు తీయకుండా చదవగలిగేంత పెద్ద అక్షరాలు రాయడం.

"కాళ్ళు చూసుకుని రావే. దాని మీద తొక్కకు, అది స్టవ్వు" అంది అక్క తలెత్తకుండా.

"బావేడీ?"

"పరుగుకి వెళ్ళారు. మూటలో ఇటుకలు పెట్టుకుని. వీధిలో వాళ్ళంతా ఇల్లు కట్టుకుంటున్నామనుకుంటున్నారు."

చెల్లెలు లాప్‌టాప్ తెరిచి నిద్రసంచుల మధ్య ఆనించింది. అక్క చేతులు తుడుచుకుని వచ్చి చూసింది. పేజీ కిందకి జరిపింది. ఏడో ఫొటో దగ్గర ఆగింది. సంతోషిస్తుందనుకున్న మొహం మీద సంతోషం రాలేదు. కోపమూ రాలేదు. అంటించబోతూ చీటీ తప్పని గమనించినప్పుడు ఎలా ఉంటుందో అలా ఉంది.

"ఇది తీసెయ్" అంది.

"ఎందుకు? నువ్వు చేసిందే కదా రాశాను."

"చేసింది రాశావు. కానీ ఇది చేయబోయేవాళ్ళ పేజీ."

చెల్లెలికి అర్థం కాలేదు. అక్క మళ్ళీ నేల మీద కూర్చుంది. దూది చుట్ట ఒకటి తీసి, మడత విప్పి, మళ్ళీ చుట్టింది.

"అప్పుడు ఫొటోలు తీసే అతను ఒకతను వెళ్ళాడు, గుర్తుందా? వాళ్ళమ్మ ఆ తుఫాను నాలుగు రోజులూ గంటకోసారి ఫోను చేసేది. మా అబ్బాయి ఎలా ఉన్నాడమ్మా అని. నాకేం తెలుసు? కొండ మీంచి ఒక్క ముక్క లేదు. తెలియదు అని చెబితే ఆవిడ గుండె ఆగిపోతుందేమోనని, బాగున్నాడమ్మా అన్నాను. మొదటిసారి అనడమే కష్టం. తర్వాత అలవాటైపోయింది. బాగున్నాడు, తిన్నాడు, పడుకున్నాడు. నోటికొచ్చినట్టు చెప్పేశాను."

"నువ్వు మాత్రం ఏం చేస్తావు?"

"విను. అప్పటికే అతని కాలు గడ్డకట్టుకుపోయింది. తీసుకొచ్చి మా ఆస్పత్రిలోనే చేర్చారు. మూడు వేళ్ళు తీసేశారు. కట్టు సామాను కోసం వాళ్ళమ్మ నా కిటికీ దగ్గరికే వచ్చింది. నేనేనని గొంతు విని పోల్చుకుంది. కోప్పడలేదే. నువ్వు బాగున్నాడన్నావు కదమ్మా, అంది. అంతే. దూది తీసుకుని వెళ్ళిపోయింది."

పెట్టె మూత ఒకసారి మూసి, సరిగా పడిందో లేదో చూసి, మళ్ళీ తెరిచింది.

"ఈసారి ఆ ఫోను దగ్గర నేను కూర్చోను. నా ఫొటో తియ్యి. నా నంబరు కూడా తియ్యి. అది ముఖ్యం."

"బావకి చెప్పావా?"

"పోయిన నెల్లో చెప్పాను. నిన్న చెప్పాను. పొద్దున కూడా చెప్పాను. సరేలే చూద్దాం అంటారు. ఆయన చూద్దాం అంటే, నువ్వే చూడు అని అర్థం."

ఇంతలో మెట్ల మీద బరువైన అడుగులు వినబడ్డాయి. బావ చెమటలు కక్కుతూ వచ్చి మూట దించాడు. నేల అదిరింది. మరదల్ని చూసి, "కొండ వచ్చిందా?" అని అడిగాడు.

గురువారం చెల్లెలు మొదటి పేజీని రెండు రకాలుగా చేసింది. ఒకటి బావ అడిగినది. రెండోది, ఆ ఏడెనిమిది ఇళ్ళ కోసం. దాన్ని తెరవగానే కొండ ఉండదు. ఉంటుంది కానీ, పైన ఒక మూల చిన్న గీతల బొమ్మగా, దాని మీద ఆరుగురికీ ఆరు చుక్కలతో. కింద పెద్ద అక్షరాలతో రెండు వాక్యాలు: చివరి కబురు ఎప్పుడు వచ్చింది, అప్పుడు ఎవరెవరు ఎక్కడున్నారు. కబురు రాని రోజున ఏం రాయాలన్నదే తెమలలేదు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా రాస్తూ కొట్టేస్తూ కూర్చుంది. ఆఖరికి అది ఇలా నిలబడింది:

"ఈ రోజు కబురు రాలేదు. ఏదో జరిగిందని దీని అర్థం కాదు. ఏమీ జరగలేదనీ కాదు. మాకు తెలియదు. తెలిసిన వెంటనే ఇక్కడే రాస్తాము."

మౌనస్వామి ఆమె భుజం మీదుగా చదివి, "ఇదే ఉంచు" అన్నాడు. ఆ కబురు పేజీ పాత ఫోనులో, సిగ్నలు అంతంతమాత్రంగా ఉన్నచోట కూడా తెరుచుకునేలా బరువైన ఫొటోలన్నీ తీసేశాడు. కింద సంప్రదించవలసిన మనిషి పేరుకీ నంబరుకీ గడి పెట్టి, అది నింపకపోతే సైటు బయటికి వెళ్ళకుండా కట్టేశాడు. చెప్పకుండానే చేశాడు. ఆమె వద్దనలేదు.

సాయంత్రం ఇద్దరూ కిందకి దిగి తాళాల ఆయన్ని పట్టుకున్నారు. ఆయనకి కొండల గొడవ ఏమీ తెలియదు, అందుకే కావాలి. చెల్లెలు ఫోను ఆయన చేతిలో పెట్టి, "బాబాయ్‌గారూ, మీ అబ్బాయి ఈ కొండ మీద ఉన్నాడనుకోండి. ఎలా ఉన్నాడో కనుక్కోండి" అంది.

ఆయన ఇనుప రజను చొక్కాకి తుడుచుకుని ఫోను పట్టుకున్నాడు. ముందు బావ అడిగిన పేజీ. మేఘాలు విడిపోయాయి, డప్పులు మోగాయి. ఆయన చివరిదాకా మర్యాదగా చూశాడు.

"కొండ బాగుందమ్మా" అన్నాడు. "మావాడేడీ?"

అటు నొక్కాడు, ఇటు నొక్కాడు. స్పాన్సర్ల గుర్తుల దాకా వెళ్ళి తిరిగొచ్చాడు. తర్వాత రెండో పేజీ ఇచ్చింది. ఈసారి ఆయనకి ఎక్కడా నొక్కే పనే పడలేదు. కబురు రాలేదన్న అయిదు వాక్యాలూ పెదవులు కదుపుతూ చదివాడు. ఒక్క క్షణం తన కొడుకు నిజంగానే అక్కడ ఉన్నట్టు మొహం పెట్టాడు. వేలు కిందకి జరిగింది.

"ఇక్కడ ఫోను నంబరు అని ఉంది. ఖాళీగా ఉందేం?"

"ఇంకా పెట్టలేదు."

"అది ముందు పెట్టండమ్మా" అన్నాడాయన ఫోను తిరిగి ఇచ్చేస్తూ.

శుక్రవారం మధ్యాహ్నం బావ వచ్చాడు. ఈసారి కూర్చున్నాడు. చెల్లెలు రెండు పేజీలూ చూపించి, రెండేళ్ళ కిందటి గీత చూపించి, తాళాల ఆయన అన్నది అన్నట్టుగా చెప్పింది. బావ వింటూ గడ్డం గోక్కున్నాడు. కబురు రాలేదన్న వాక్యాల దగ్గర ముందుకి వంగాడు.

"మాకు తెలియదు అని మనమే రాసుకోవడమేంటమ్మా? కంపెనీ వాళ్ళు ఏమనుకుంటారు?"

"తెలియనప్పుడు మరేం రాద్దాం బావా?"

అతను ఆ వాక్యాలు మళ్ళీ చదివాడు. ఆ నాలుగు రోజులూ గుడారంలో తనకి మాత్రం ఏం తెలుసన్నది గుర్తొచ్చిందో ఏమో, "సరే, ఉండనీ. వీడియో మాత్రం లోపలి పేజీలో ఎక్కడైనా పెట్టు. అంత కష్టపడి తీశాం" అన్నాడు. ఆమె పెడతానంది. ఇక బయటికి పంపించమన్నాడు. మౌనస్వామి మీట నొక్కాడు. ఎర్రటి గీతతో గడి వెలిగింది. సంప్రదించవలసినవారు.

"మీ అక్క నంబరు వెయ్యి."

"వద్దంది బావా. మీకూ చెప్పానంది."

"అంటుంది. బయల్దేరే ముందు ఎప్పుడూ ఏదో ఒకటి అంటుంది" అన్నాడు. మరదలు కీబోర్డు మీద చెయ్యి వెయ్యకపోవడం చూసి, గొంతు మార్చాడు. "పోనీ నీది వెయ్యమ్మా. నలభై అయిదు రోజులే కదా. నువ్వు ఎలాగూ రోజంతా కంప్యూటరు ముందే ఉంటావు. నీకైతే సైటు గురించి అంతా తెలుసు."

ఒక్క క్షణం ఆమె నోట్లోంచి సరే అన్న మాట రాబోయింది. అది ఎంత సులువుగా పైకి తేలిందో చూసుకుని తనకే ఆశ్చర్యమేసింది. అక్కకి కూడా మొదటిసారి ఇలాగే వచ్చి ఉంటుంది.

"వద్దు బావా" అంది.

కింద అరగదీసే చప్పుడు ఆగి, మళ్ళీ మొదలైంది. బావ ఫోను తీశాడు. డాక్టరుకి చేశాడు. మీరు ఈసారి ఎక్కకుండా కింది శిబిరంలో ఉంటారా అని అడగలేక, మనకి ఒక నంబరు కావాలండీ అన్నాడు. డాక్టరు వాళ్ళావిడ నంబరు చెప్పాడు. బావ రాసుకోలేదు. వంట చూసేవాడికి చేశాడు. అతను, "మా ఆవిడది వేసెయ్యన్నా, ఖాళీయే" అన్నాడు. తాళ్ళు కట్టే ఇద్దరు అన్నదమ్ములున్నారు. ఇద్దరూ కలిసి వాళ్ళమ్మ నంబరు ఇచ్చారు. కొత్తగా చేరిన లెక్కల మాస్టారు కాస్త ఆలోచించి, "మా ఇంటావిణ్ణి అడిగి చెబుతాను సార్, కానీ కాదనదు" అన్నాడు.

బావ ఫోను బల్ల మీద బోర్లా పెట్టాడు.

"అందరూ ఆడవాళ్ళ నంబర్లే ఇస్తున్నారు" అన్నాడు.

మౌనస్వామి తెర వైపే చూస్తున్నాడు. బావ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. అక్కణ్ణుంచి కనబడేదేం లేదు, ఎదుటి మేడ గోడా దాని మీద నీళ్ళ గొట్టమూ. అతను ఆ గొట్టాన్ని కింది నుంచి పైదాకా ఒకసారి చూశాడు.

"కింది శిబిరంలో శాటిలైట్ ఫోను పనిచేస్తుంది" అన్నాడు బావ, వెనక్కి తిరగకుండా. "పైన ఎవరేం చేస్తున్నారో రేడియోలో వినబడుతుంది. వినబడకపోతే వినబడలేదని చెప్పొచ్చు."

"అక్కడ ఎవరుంటారు?"

"పైకి అయిదుగురు చాలు. అన్నదమ్ముల్లో పెద్దాడు ముందుండి దారి చూపగలడు. నాకన్నా బాగా చూపగలడు, ఎప్పుడూ వాడికి చెప్పలేదనుకో." వచ్చి కూర్చున్నాడు. కీబోర్డు తన వైపు లాక్కున్నాడు. రెండు వేళ్ళతో, ఒక్కొక్క అక్షరమూ వెతుక్కుంటూ తన పేరు కొట్టాడు, కింద శాటిలైట్ ఫోను నంబరు కొట్టాడు. ఒక అంకె తప్పు పడితే చెరిపి దిద్దాడు. ఎర్ర గీత పోయింది.

"బృందం పేజీలో మీ ఫొటో ఎక్కడ ఉంచను?" అని అడిగింది చెల్లెలు.

"ఎక్కడైనా పర్లేదు" అన్నాడు. లేచి గుమ్మం దాకా వెళ్ళి, "చివర్లో పెట్టు" అన్నాడు. మెట్లు ఒక్కొక్కటిగా దిగి వెళ్ళాడు.

ఆమె పని ముగించుకుని అక్క ఇంటికి వెళ్ళేసరికి ఇంకా వెలుగుంది. బావ ఇంకా ఇల్లు చేరలేదు. అక్క అదే నేల మీద, మూడు మందుల పెట్టెలు వరసగా పెట్టుకుని కూర్చుంది. చెల్లెలు ఏమీ చెప్పకుండా ఫోనులో సైటు తెరిచి అందించింది. అక్క పైనుంచి కిందకి చదివింది. గడి దగ్గరికి వచ్చి చదివింది. మళ్ళీ చదివింది. కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచి పెట్టుకుంది.

"ఆయనే రాశారా?"

"ఆయనే కొట్టారు. రెండు వేళ్ళతో."

"శిఖరం ఎక్కరన్నమాట."

"ఎక్కరు."

అక్క మొహంలో గెలిచినదేమీ లేదు. పక్కనున్న కొత్త బూట్ల వైపు చూసింది. అంతలో ఆమె ఫోను మోగింది. లెక్కల మాస్టారి భార్య. ఏదో నంబరు ఇవ్వాలట, మా ఆయన చెప్పారు, వాళ్ళు వెళ్ళాక కబుర్లకి మీకే చేయాలా లేక నన్నే అందరూ అడుగుతారా అని అడిగింది. గొంతులో బెరుకు స్పష్టంగా వినబడుతోంది.

"మీరేం ఇవ్వక్కర్లేదమ్మా. నాకూ చేయక్కర్లేదు" అంది అక్క. "కాగితం ఉందా దగ్గర? రాసుకోండి."

చెల్లెలి ఫోను కాస్త ఎత్తి పట్టుకుని, ఒక్కొక్క అంకె విడివిడిగా, మందు ఎన్ని పూటలు వేసుకోవాలో చెప్పేటంత నిదానంగా చెప్పింది. అవతలామె తిరిగి చదివింది. ఒకటి తప్పు చదివితే అక్క దిద్దింది.

"మరి మీరు ఉండరా అండీ?" అని అడిగిందావిడ.

"ఉంటాను, ఇక్కడే. మీలాగే నేనూ సైటు చూస్తూ ఉంటాను" అంది అక్క. "కబురు రాకపోతే రాలేదనే రాసి ఉంటుంది. అప్పుడు కావాలంటే నాకు చెయ్యండి. నాకూ తెలియదు, ఊరికే మాట్లాడుకుందాం."